గే సినిమాల్లో మంచివి ఏరుకోవడం ఎలా? ప్రేమ, పెళ్లి ఒత్తిడి, ఇంటి పరువు చుట్టూ తిరిగే కథల కోసం

సెర్చ్‌లో ‘గే సినిమాలు’ అని కొట్టగానే ముందు తగిలేవి ఏమిటో మీకూ తెలిసే ఉంటుంది. చొక్కాల్లేని పోస్టర్లు, ‘దోస్తానా’ (2008)లాగా గే జంటమని అబద్ధమాడి నవ్వించే కామెడీలు, అమెరికా హైస్కూలు ప్రేమకథలు. వాటితో నాకు పేచీ ఏమీ లేదు. కానీ ఏ పెళ్లికెళ్లినా ‘మాకు పప్పన్నం ఎప్పుడు పెడతావురా’ అని అడిగే మేనత్త, అన్నీ తెలిసీ ఏమీ తెలియనట్టు పేపరు చదువుకునే నాన్న, అసలు సంగతి తెలియకుండానే తాళి కట్టించుకున్న అమ్మాయి ఉండే కథ కావాలంటే మాత్రం ఆ మొదటి పేజీలో దొరకదు. వెతికే తీరు మార్చుకోవాలి.

నేను పెట్టుకున్న లెక్క ఇది: ఇలాంటి సినిమా సత్తా ప్రేమికులిద్దరి సీన్లలో కంటే ఇంట్లోవాళ్ల సీన్లలో తేలుతుంది. అమ్మకీ నాన్నకీ భార్యకీ అరవడం, ఏడవడం తప్ప ఇంకేదైనా పని ఇచ్చాడా దర్శకుడు? ఇచ్చుంటే ఆ సినిమాకు ఒక సాయంత్రం కేటాయించొచ్చు. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

1. ముందు మీకు కావాల్సిన కథ ఏదో తేల్చుకోండి

ఒకే లేబుల్ కింద పది రకాల కథలుంటాయి. సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఉన్న కుర్రాడికి పనికొచ్చే సినిమా వేరు, పెళ్లై పిల్లలున్న మనిషికి తగిలే సినిమా వేరు. కొడుకు సంగతి నిన్ననే తెలిసిన తల్లికి కావాల్సింది ఇంకొకటి.

పెళ్లి ఒత్తిడి మీద కథ కావాలంటే ఆంగ్ లీ తీసిన ‘ది వెడ్డింగ్ బాంక్వెట్’ (1993), హర్షవర్ధన్ కులకర్ణి ‘బధాయీ దో’ (2022), శ్రీధర్ రంగయన్ ‘ఈవెనింగ్ షాడోస్’ (2018). మూడోదాంట్లో ముంబయిలో ఉండే కొడుకు పూజకని ఇంటికొస్తాడు. ఇంట్లో అప్పటికే పిల్లను చూసి పెట్టి ఉంటారు. అతను నోరు విప్పేది తల్లి దగ్గర. అక్కణ్ణుంచి కథ తల్లిది అయిపోతుంది. మొగుడి మాట దాటకుండా బతికిన మనిషి కొడుకు కోసం ఎంతవరకు వెళ్లగలదు అన్నదే అందులో అసలు ప్రశ్న.

పెళ్లి అయిపోయాక పరిస్థితి ఏమిటి అంటే మలయాళంలో వచ్చిన ‘కాదల్ ది కోర్’ (2023). దాని గురించి కింద విడిగా చెబుతాను. ఆడవాళ్ల వైపు నుంచి అయితే దీపా మెహతా ‘ఫైర్’ (1996). షబానా ఆజ్మీ, నందితా దాస్ ఒకే ఇంటి తోడికోడళ్లు. 1998లో ఇక్కడ విడుదలైనప్పుడు శివసేన కార్యకర్తలు థియేటర్ల మీద పడ్డారు, సినిమా మళ్లీ సెన్సార్‌కి వెళ్లి, ఏ కోతా లేకుండా తిరిగొచ్చింది. ఆ గొడవ పక్కనపెట్టి చూడండి. వంటింట్లో, మంచాన పడిన అత్తగారి గదిలో ఎంత జరుగుతుందో కనిపిస్తుంది.

ఇంట్లో తెలిసిపోయిన రోజు ఎలా ఉంటుందో చూడాలంటే శకున్ బత్రా ‘కపూర్ అండ్ సన్స్’ (2016). కూనూరులో తాతగారి ఇల్లు, లండన్ నుంచి వచ్చిన పెద్దకొడుకు, వాడంటే తల్లికి గర్వం. వీడు బుద్ధిమంతుడు, వీడికి వంక పెట్టడానికి లేదు అనే పేరే ఆ కొడుక్కి ఉరితాడు. తల్లిగా చేసిన రత్నా పాఠక్ షా ముఖం చూస్తూ ఉండండి చాలు.

మనిషి పోయాక తెలిస్తే? ‘మెమరీస్ ఇన్ మార్చ్’ (2010). కొడుకు కారు ప్రమాదంలో పోయాడని ఢిల్లీ నుంచి కోల్‌కతా వచ్చిన తల్లిగా దీప్తీ నావల్, ఆ కొడుకు ప్రేమించిన మనిషిగా రితుపర్ణో ఘోష్. కథ రాసింది కూడా ఆయనే. తిట్టడానికీ నిలదీయడానికీ కొడుకు లేడు. ఉన్నది ఈ పరాయి మనిషి ఒక్కడే, కొడుకు గురించి ఆమెకు తెలియనివన్నీ తెలిసినవాడు. నా మటుకు ఈ వరసలో అన్నిటికంటే తక్కువమంది చూసిన మంచి సినిమా ఇదే.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకైతే రోషన్ సేఠీ ‘ఎ నైస్ ఇండియన్ బాయ్’. అబ్బాయి వెంట తెచ్చుకున్నది తెల్లవాణ్ని, కానీ ఆ తెల్లవాణ్ని పెంచుకున్నది భారతీయ దంపతులు. ఈ ఒక్క మెలికతో ‘మనవాళ్లు’ అంటే ఎవరు అనే ప్రశ్నను హాయిగా నవ్విస్తూనే అడుగుతుంది. ఇంకాస్త పదును కావాలంటే ఆలిస్ వూ ‘సేవింగ్ ఫేస్’ (2004): న్యూయార్క్‌లో డాక్టరుగా ఉన్న కూతురు తన ప్రేమ సంగతి తల్లికి చెప్పలేకపోతుంది, ఇంతలో భర్త లేని ఆ తల్లే నలభై ఎనిమిదేళ్ల వయసులో గర్భవతై, పుట్టింటి నుంచి గెంటించుకుని కూతురి గుమ్మం తొక్కుతుంది. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం ఇద్దరిదీ.

2. వెతికే మాట మార్చండి

సెర్చ్‌లో ‘గే మూవీస్’ బదులు సందర్భాన్ని కొట్టండి. ‘అరేంజ్డ్ మ్యారేజ్’, ‘లావెండర్ మ్యారేజ్’ (లోకం కోసం చేసుకునే ఉత్తుత్తి పెళ్లి), ‘కమింగ్ అవుట్ టు పేరెంట్స్’ (అమ్మానాన్నలకు తన సంగతి చెప్పడం) లాంటి మాటలకు ‘క్వీర్ ఫిల్మ్’ జోడించండి. క్వీర్ అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ అందరినీ కలిపి చెప్పే మాట. ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, తెలుగులో కొడితే ఫలితాలు పెద్దగా రావు. వచ్చినా యూట్యూబ్ థంబ్‌నెయిళ్లే.

అవార్డుల జాబితాలు మంచి దారి. బెర్లిన్ సినిమా పండుగలో 1987 నుంచి టెడ్డీ అవార్డు, కాన్‌లో 2010 నుంచి క్వీర్ పామ్ అని క్వీర్ సినిమాలకే ఇస్తున్నారు. ముంబయిలో 2010లో మొదలైన కషిష్ పండుగ, చెన్నైలోని రీల్ డిజైర్స్ మనకు దగ్గరివి. వాటి పాత కార్యక్రమ పట్టికల్లో మామూలుగా కంటపడని భారతీయ లఘుచిత్రాలు కనిపిస్తాయి. అయితే అవార్డు వచ్చిందంటే ఇంటి కథ అని అర్థం కాదు. కళ్లు చెదిరే సినిమా అయ్యుండొచ్చు, అందులో అమ్మ అసలు కనిపించకపోవచ్చు.

అందుకని ఒక చిట్కా. నటుల జాబితాలో మొదటి నాలుగు పేర్లు చూడండి. అందులో తల్లి, తండ్రి, భార్య వేషం వేసినవాళ్లు ఉన్నారా? ‘కాదల్’లో రెండో పేరే జ్యోతిక. ‘మెమరీస్ ఇన్ మార్చ్’లో దీప్తీ నావలే కథానాయిక. ఓనిర్ తీసిన ‘మై బ్రదర్ నిఖిల్’ (2005)లో అక్క పాత్ర జూహీ చావ్లాది. పెద్ద నటిని తీసుకుని మూడు సీన్లకు పరిమితం చేయరు కదా. ఈ పరీక్ష ప్రతిసారీ నెగ్గుతుందని చెప్పను గానీ, ట్రైలరు కంటే నమ్మకమైనది.

చూసిన సినిమాల జాబితాలు రాసుకునే లెటర్‌బాక్స్‌డ్ సైట్‌లో ఒక నచ్చిన సినిమా పేజీ తెరిచి, దాన్ని చేర్చుకున్న జాబితాలు చూస్తూ పోతే మరో పది దొరుకుతాయి. ఏ సినిమా ఏ ఓటీటీలో ఉందో జస్ట్‌వాచ్‌లో దేశం ఇండియా పెట్టుకుని చూసుకోండి. ఈ సినిమాల హక్కులు తరచూ చేతులు మారతాయి, పోయినేడాది ఉన్నచోట ఈ ఏడాది ఉండకపోవచ్చు.

3. చూసేముందు జల్లెడ పట్టండి

అమెరికాలో గ్లాడ్ అనే సంస్థ సినిమా చరిత్రకారుడు విటో రూసో పేరు మీద ఒక పరీక్ష పెట్టింది. మూడు ప్రశ్నలు. సినిమాలో గేనో లెస్బియనో ట్రాన్స్‌జెండరో అని స్పష్టంగా తెలిసే పాత్ర ఉందా? ఆ మనిషికి అది తప్ప వేరే బతుకు ఏమైనా ఉందా? ఆ పాత్రను తీసేస్తే కథ కూలుతుందా? మూడింటికీ అవునంటే ముందుకెళ్లొచ్చు.

మన కథలకు ఇది చాలదు. నేను ఇంకో రెండు కలుపుకుంటాను. ఒకటి, మధ్యలో పెళ్లి జరిగితే ఆ అమ్మాయి సంగతి ఏమైంది? ఆమె నష్టాన్ని సినిమా పట్టించుకుందా, దాటేసిందా? రెండు, ఇంట్లోవాళ్ల మనసు ఎలా మారింది? క్లైమాక్సులో ఒక్క ఉపన్యాసానికే నాన్న కరిగిపోతే నాకు నమ్మబుద్ధి కాదు. ‘శుభ్ మంగళ్ జ్యాదా సావధాన్’ (2020)తో నాకున్న ఇబ్బంది అదే. గజరాజ్ రావ్, నీనా గుప్తా బంగారంలా చేశారు, ఇంటి గోల అచ్చం ఇంటి గోలలానే ఉంది, కానీ చివర్లో ముడులన్నీ మరీ సులువుగా విడిపోతాయి. నవ్వుకోవడానికి చూడండి, ధైర్యం తెచ్చుకోవడానికి వేరేది చూడండి.

విడుదలైన సంవత్సరం కూడా చూసుకోవాలి. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించదని ఢిల్లీ హైకోర్టు 2009లో తీర్పిచ్చింది, 2013లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, 2018 సెప్టెంబర్ 6న మళ్లీ ఇష్టపూర్వక సంబంధాలు నేరం కావని తేల్చింది. 2023 అక్టోబర్ 17న స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఏ సినిమా ఏ రెండు తేదీల మధ్య పడుతుందో తెలిస్తే పాత్రలు దేనికి భయపడుతున్నాయో అర్థమవుతుంది. హన్సల్ మెహతా ‘అలీగఢ్’ చూసేటప్పుడు ఇది మరీ అవసరం. అది నిజంగా జరిగిన కథ. గే అని తెలిసి ప్రొఫెసర్ సిరాస్‌ను అలీగఢ్ యూనివర్సిటీ సస్పెండ్ చేసింది 2010లో, అంటే హైకోర్టు తీర్పు ఆయన వైపే ఉన్న రోజుల్లో. చట్టం మారినంత మాత్రాన పక్కింటివాళ్లు మారరని, సిరాస్‌గా మనోజ్ బాజ్‌పాయ్ ఒంటరి గదిలో పాత పాటలు వింటూ కూర్చున్న సీన్లు చెబుతాయి. కుటుంబ కథ కాదది, కుటుంబం లేనివాడి కథ.

4. రెండు సినిమాలు దగ్గరగా చూద్దాం

జల్లెడ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మొదట ఈ రెండూ చూడండి.

‘ది వెడ్డింగ్ బాంక్వెట్’లో వై-తుంగ్ న్యూయార్క్‌లో సైమన్‌తో కాపురం చేస్తుంటాడు. తైవాన్ నుంచి అమ్మానాన్నలు పెళ్లి సంబంధాల సంస్థ ఫారాలు పంపుతుంటారు. వాళ్ల నోరు మూయించాలని దొరకడానికి వీల్లేని గుణాలన్నీ రాస్తాడు: రెండు పీహెచ్‌డీలు, ఐదు భాషలు, ఒపేరా పాడాలి. వాళ్లు నిజంగానే వెతికి ఒక ఒపేరా గాయనిని పంపుతారు! మ్యారేజ్ బ్యూరోకి ఎత్తు, జీతం, నక్షత్రం లెక్కలు రాసిచ్చిన ప్రతి ఇంటికీ ఈ జోకు అర్థమవుతుంది. చివరికి గ్రీన్ కార్డు కావాల్సిన అమ్మాయితో ఉత్తుత్తి పెళ్లి కుదురుతుంది, అమ్మానాన్నలు విమానమెక్కి వస్తారు. వాళ్లు రాకముందు ఆ జంట ఇల్లు సర్దే సీను ఆపి చూడండి. తమ ఇద్దరి ఆనవాళ్లు గోడ మీంచి దిగిపోతాయి, వాటి స్థానంలో తండ్రి కుంచెతో రాసి పంపిన చైనా అక్షరాల పటాలు ఎక్కుతాయి. డైలాగు అక్కర్లేకుండానే ఈ పెళ్లి ఎవరి ఇంట్లో ఎవరిని అద్దెకు దించుతోందో తెలిసిపోతుంది. ఆ తండ్రికి ఎంత తెలుసు అనేది నేను చెప్పను, అది మీరే చూడాలి. బెర్లిన్‌లో పెద్ద బహుమతి గోల్డెన్ బేర్‌ను ఇంకో సినిమాతో పంచుకున్న సినిమా ఇది. 2025లో ఆండ్రూ ఆన్ మళ్లీ తీశాడు. ముందు పాతది చూడండి.

‘కాదల్ ది కోర్’ జియో బేబీది, మమ్ముట్టే నిర్మించాడు. కేరళలోని కొట్టాయం జిల్లా తీక్కోయిలో మాథ్యూ దేవసి (మమ్ముట్టి) వార్డు ఉపఎన్నికకు నిలబడతాడు. అదే సమయంలో భార్య ఓమన (జ్యోతిక) విడాకులకు దరఖాస్తు పెడుతుంది, నా భర్త స్వలింగ సంపర్కుడని కారణం రాసి. ఇరవయ్యేళ్ల కాపురం, కాలేజీకి వచ్చిన కూతురు. ఇదే కథ ఇంకొకరి చేతిలో పడితే ఓమన పగబట్టిన మనిషి అయ్యేది. ఇక్కడ కేసు నడిచినన్నాళ్లూ ఇద్దరూ ఒకే కప్పు కింద ఉంటారు. ఆమె అడిగేది పరిహారం లాంటిదేమీ కాదు, తన బతుకు తనకి కావాలి, ఆయన బతుకు ఆయనకి దొరకాలి. డ్రైవింగ్ స్కూలు నడిపే తంగన్‌కూ మాథ్యూకూ మధ్య మాటలు దాదాపు లేవు, ప్రేమ సీను అన్నదే లేదు. దానికి కొందరు విసుక్కున్నారు, గే సినిమాలో గే ప్రేమను దాచేశారని. ఆ విమర్శలో నిజం ఉంది. కానీ నా వరకు సినిమా బరువు వేరేచోట ఉంది, చిన్నప్పుడే కొడుకు సంగతి గ్రహించి పెళ్లి చేస్తే సర్దుకుంటుందిలే అనుకున్న తండ్రి దగ్గర. ‘పెళ్లి చేస్తే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి’ అన్న మాట మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో వినబడిందో లెక్కలేదు. సుప్రీంకోర్టు పెళ్లి హక్కు మీద తీర్పిచ్చిన నెల తర్వాత, నవంబర్ 23న ఈ సినిమా విడుదలైంది.

దీని పక్కన ‘బధాయీ దో’ పెట్టుకుంటే ఒక తేడా తెలుస్తుంది. అక్కడ పోలీసు శార్దూల్, పీఈటీ టీచరు సుమి ఇద్దరూ తెలిసే ఒప్పందం చేసుకుంటారు. పెళ్లితో ఒత్తిడి ఆగుతుందనుకుంటారు. ఆగదు, వెంటనే పిల్లలెప్పుడు అని మొదలవుతుంది. దాన్ని ఉపాయంగా నేర్చుకోవద్దు, ఆ ఉపాయం ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో చూడటానికి పెట్టుకోండి.

5. తెలుగులో ఏముంది?

నిజం చెప్పాలంటే కొంచెమే. మన సినిమాల్లో చాలాకాలం ‘తేడా’ అనే ఒక్క మాట మీద కామెడీ ట్రాకులు నడిచాయి. వాటి మధ్య ప్రశాంత్ వర్మ ‘అ!’ (2018)లో ఒక కథ వేరుగా నిలబడుతుంది. రెస్టారెంట్లో అమ్మానాన్నల ముందు కూర్చుని రాధ (ఈషా రెబ్బా) తను పెళ్లి చేసుకోబోయే క్రిష్‌ని పరిచయం చేస్తుంది. వచ్చింది నిత్యా మేనన్. 377 తీర్పుకు ఏడు నెలల ముందు, నాని నిర్మించిన సినిమాలో, హాస్యంగా మొదలై హేళనలోకి జారని సంభాషణ అది. సినిమాలో అది ఒక ముక్క మాత్రమే, పూర్తి కథ వేరు.

ఇంకో దారిలో తెలుగు చెయ్యి ఉంది. రోహన్ పరశురామ్ కనవడే మరాఠీలో తీసిన ‘సాబర్ బోండ’ 2025లో అమెరికాలోని సన్‌డాన్స్ సినిమా పండుగలో ప్రపంచ సినిమా విభాగపు గ్రాండ్ జ్యూరీ బహుమతి గెలిచింది. దాన్ని ఇక్కడి థియేటర్లకు తెచ్చింది రానా దగ్గుబాటి స్పిరిట్ మీడియా. తండ్రి పోతే పది రోజుల మైల పాటించడానికి ముంబయి నుంచి ఊరికొచ్చిన ముప్ఫై ఏళ్ల ఆనంద్, అక్కడ చిన్ననాటి స్నేహితుడు. చెప్పుల్లేకుండా తిరగాలి, ఇది తినకూడదు, అక్కడ కూర్చోకూడదు అని ఒకపక్క చెబుతూనే బంధువులు పెళ్లి మాట ఎత్తుతుంటారు. చావింట్లో కూడా సంబంధాలు కదిపే చుట్టాలు మనకు కొత్త కాదు. తల్లిని చూడండి. ఆమెకు అంతా తెలుసు, బంధువుల మధ్య కొడుకును కాసుకుంటూ ఉంటుంది.

6. ఉమ్మడి అకౌంట్ ఉంటే ముందు ఈ పని చేయండి

ఇంటిల్లిపాదికీ ఒకే అకౌంట్ అయితే మీరు రాత్రి చూసింది పొద్దున్న హాల్లో టీవీ మీద ‘కంటిన్యూ వాచింగ్’ వరసలో అందరికీ కనబడుతుంది. చెప్పడానికి మీరు సిద్ధంగా లేకపోతే ఆ వరస మీ తరఫున చెప్పేస్తుంది.

నెట్‌ఫ్లిక్స్‌లో మీ ప్రొఫైల్ విడిగా పెట్టుకుని దానికి పిన్ లాక్ వేయండి. చూసినవి తీసేయాలంటే బ్రౌజర్‌లో అకౌంట్ పేజీకి వెళ్లి వ్యూయింగ్ యాక్టివిటీలో ఆ పేరు పక్కన హైడ్ గుర్తు నొక్కాలి. అన్ని పరికరాల్లోంచి పోవడానికి ఒక రోజు దాకా పట్టొచ్చు, కాబట్టి పొద్దున్నకు పోతుందని నమ్ముకోవద్దు. ప్రైమ్‌లో వాచ్ హిస్టరీ నుంచి తీసేయొచ్చు. యూట్యూబ్‌లో ఇన్‌కాగ్నిటో వాడండి. డబ్బు కట్టి రెంట్‌కి తీసుకుంటే రసీదు అకౌంట్ ఎవరి పేరునుందో వాళ్ల ఈమెయిల్‌కి వెళ్తుంది. నాన్న కార్డయితే మెసేజ్ నాన్న ఫోన్‌కి.

7. అమ్మానాన్నలతో కలిసి చూడాలనుకుంటే

పిల్లల కథ చూపించకండి, వాళ్ల ఈడు మనుషుల కథ చూపించండి. ఆ లెక్కన మన ఇళ్లలో ‘కాదల్’ను మించింది లేదు. ‘స్వాతికిరణం’ అనంతరామశర్మగా, ‘యాత్ర’లో వైఎస్‌గా చూసిన మనిషి, ‘చంద్రముఖి’ జ్యోతిక. పరాయి సినిమా అనిపించదు. ఆడియో మెనూలో ఏ భాషలున్నాయో ముందే చూసుకోండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్సే దిక్కయితే రిమోట్ మీ చేతిలో ఉంచుకుని, చదవడం అందనిచోట ఆపి రెండు ముక్కల్లో చెప్పండి. ఆ ఆపడాల్లోనే మాటలు వస్తాయి.

సినిమా అయిన రాత్రే మీ సంగతి చెప్పేయాలని పెట్టుకోవద్దు. వాళ్లు ఏం అంటారో వినండి. ‘పాపం ఆ పిల్ల’ అని ఓమన గురించి అమ్మ అంటే అది చాలా మంచి మొదలు. ‘ఇవన్నీ సినిమాల్లోనే’ అని నాన్న లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, వాదన పెట్టుకోకండి. సంగతి తెలిసిపోయిన తల్లిదండ్రులకు సినిమా కంటే తమలాంటి ఇంకో తల్లో తండ్రో చెప్పే మాట ఎక్కుతుంది. స్వీకార్ అనే భారతీయ తల్లిదండ్రుల బృందం ఉంది, వాళ్ల వీడియోలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

8. ఒకదాని వెనక ఇంకొకటి

నచ్చిన సినిమా దొరికాక మళ్లీ సెర్చ్ పెట్టెకు వెళ్లక్కర్లేదు, మనుషుల వెంట పడండి. ఆంగ్ లీ నచ్చితే పన్నెండేళ్ల తర్వాత ఆయనే తీసిన ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’ (2005) ఉంది. అందరూ ఇద్దరు పశువుల కాపరుల ప్రేమగా చూసే ఆ సినిమాను ఈసారి భార్య ఆల్మా వైపు నుంచి చూడండి, గుమ్మంలో నిలబడి చూడకూడనిది చూసిన మిషెల్ విలియమ్స్ నుంచి మొదలుపెట్టి. ఇంకో దారి ఆండ్రూ హేగ్‌ది. ‘ఆల్ ఆఫ్ అజ్ స్ట్రేంజర్స్’ (2023)లో ఒక నడివయసు మనిషి చిన్నప్పుడే పోయిన అమ్మానాన్నలను వెతుక్కుంటూ పాత ఇంటికి వెళితే వాళ్లు అదే వయసులో అక్కడే ఉంటారు, తను గే అని వాళ్లకిప్పుడు చెప్పాలి. 1980ల నాటి ఆ తల్లి మొదట అడిగేవి ఎయిడ్స్ గురించీ ఒంటరితనం గురించీ. రుమాలు దగ్గర పెట్టుకోండి. ‘మై బ్రదర్ నిఖిల్’ దాని తర్వాత చూస్తే, అవే ఏళ్లలో గోవాలో హెచ్‌ఐవీ సోకిన కొడుకున్న ఒక ఇల్లు ఆ ప్రశ్నలకు ఏం చేసిందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.